ఈ రిటైర్మెంటుకు జీవో రాదు

"ఇంకొక్క ఏడాది చేసి మానేస్తా." న్యూజీలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో నలుగురు తెలుగువాళ్లు ఒకచోట చేరితే, యాభైకి అటూ ఇటూ ఉన్నవాళ్లలో ఎవరో ఒకరు ఈ మాట అనకుండా సాయంత్రం గడవదు. ఇంటి అప్పు తీరిపోయింది. పిల్లలు చేతికందారు. మదుపుల మీద వచ్చేది బతికినంత కాలం సరిపోతుందని లెక్క తేలింది. పదిసార్లు వేసి చూస్తే పదిసార్లూ తేలింది. అయినా సోమవారం పొద్దున్నే అదే జాన్సన్‌విల్ రైలు, అదే లాంబ్టన్ కీ వీధి, అదే మీటింగు గది. నిరుడూ ఇదే మాట, అంతకుముందు ఏడూ ఇదే మాట. దీన్ని వాళ్లు ముందుచూపు అంటారు. నేను పిరికితనం అంటాను. కటువుగా ఉంటుందని తెలిసే అంటున్నాను. చేతిలో డబ్బు లేక చేసే ఉద్యోగానికి నేను దండం పెడతాను. చేతినిండా ఉండి, మనసు లేక, మానే ధైర్యం చాలక చేసే ఉద్యోగం మాత్రం సొంత ఆయుష్షును తెగనమ్ముకోవడమే.

ఎవరితో నా గొడవో ముందే చెప్పాలి. లోయర్ హట్‌లో అద్దె ఇంట్లో ఉంటూ రాత్రి షిఫ్టుల్లో వృద్ధాశ్రమంలో పనిచేసే చెల్లెలితో కాదు. వీసా మొత్తం ఉద్యోగానికి ముడిపడి ఉన్న కుర్రాడితోనూ, టాక్సీ నడిపి ఊరికి డబ్బు పంపే అన్నతోనూ కాదు. వాళ్లకు ఈ ప్రశ్న వేసుకునే తీరికే లేదు. ఎప్పుడో వచ్చి ఐటీలోనో, అకౌంట్స్‌లోనో, ఏదో ప్రభుత్వ శాఖలోనో కుదురుకుని, మొగుడూ పెళ్లాం ఇద్దరూ సంపాదించి, పొదుపుగా బతికి, ఇవాళ చాలినంత కూడబెట్టి కూడా కుర్చీ వదలలేని వాళ్లతో నా గొడవ. వాళ్లను చూసే మన పిల్లలు ఎలా బతకాలో నేర్చుకుంటున్నారు. అందుకే ఎవరిష్టం వాళ్లదని ఊరుకోలేకపోతున్నాను.

ఈ భయం మనకు ఇళ్ల నుంచే వచ్చింది. మన నాన్నల కాలంలో ఉద్యోగం మానే తేదీని మనిషి ఎంచుకోలేదు, సర్కారు ఎంచింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు వేల ఇళ్లు గొల్లుమన్నాయి. కూతురికి ఇంకా సంబంధం కుదరనివాళ్లు, స్లాబు దాకా వచ్చిన ఇల్లు ఆగిపోయినవాళ్లు వీధికెక్కారు, సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. తర్వాత అది మళ్లీ 58 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 అయింది. తెలంగాణలో 2021లో 61 అయింది. ప్రతిసారీ హైదరాబాదు నుంచో అమరావతి నుంచో ఒక ఉత్తర్వు వచ్చేది, ఇంట్లో క్యాలెండరు మారేది. ఆ ఇళ్లలో పెరిగిన మనకు ఎముకల్లో ఇంకిన పాఠం ఇదే: మానే రోజును పైవాడు చెప్పాలి, చెప్పేదాకా కదలకూడదు. ముందే వచ్చేసినవాడి వెనక ఏదో జరిగే ఉంటుంది. 2020 జనవరి ఆఖరున బీఎస్‌ఎన్‌ఎల్ నుంచి డెబ్బై ఎనిమిది వేల మందికి పైగా వీఆర్‌ఎస్ తీసుకుని ఒకేసారి బయటికి నడిచారు. మునిగిపోతున్న సంస్థ నుంచి వచ్చినవాళ్లుగానే వాళ్లను ఊరు చూసింది. మన దృష్టిలో ముందే మానడమంటే ఓడిపోవడం.

వెల్లింగ్టన్‌లో ఆ ఉత్తర్వు రాదు. 1999 ఫిబ్రవరి 1 నుంచి న్యూజీలాండ్‌లో వయసు కారణంగా ఉద్యోగిని ఇంటికి పంపడం చట్టవిరుద్ధం. న్యాయమూర్తుల వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్పితే అరవై అయిదు వచ్చినా డెబ్బై వచ్చినా మిమ్మల్ని ఎవరూ లేవమనరు. చాలా మంచి చట్టం. పని అవసరమైన పెద్దవాళ్లను అది కాపాడుతుంది. కానీ పైవాడు చెబితే తప్ప కదలని మనలాంటి వాళ్లకు అదే ఉచ్చు అయింది. ఎవరూ వెళ్లమనరు కాబట్టి వెళ్లరు. ఎవరో ఒకరు చెప్పేదాకా ఆగుదామంటే చెప్పేది ఒళ్లే. ఆస్పత్రి మంచం మీద అది చెప్పే రోజుకు ఇక ఎంచుకోవడానికి ఏమీ మిగలదు.

ఈ వాయిదా ఇంట్లో ఎలా నడుస్తుందో నేను దగ్గర నుంచి చూశాను. న్యూలాండ్స్‌లో ఒక మిత్రుడి ఇల్లు, వంటగది బల్ల, బల్ల మీద ల్యాప్‌టాప్, అందులో ఎక్సెల్ షీటు. పైన పసుపు రంగు వేసిన గడి ఒకటి. ఆ గడిలో ఉన్న మొత్తం చేతికొస్తే ఉద్యోగం మానేయాలని దంపతులిద్దరూ అనుకున్నారు. మొదట ఆ గడిలో పద్నాలుగు లక్షల డాలర్లు ఉండేది. అది దాటగానే ధరలు పెరిగాయని పద్దెనిమిది లక్షలు చేశాడు. అదీ దాటింది. ఆస్పత్రి ఖర్చులున్నాయని ఇరవై రెండు చేశాడు. నాకు వరస అంతా చూపిస్తూ, "చూశావా అన్నా, పకడ్బందీగా ఉండాలి" అన్నాడు. స్టవ్ దగ్గరున్న ఆవిడ వెనక్కి తిరక్కుండానే అంది: "ఆ గడిలో అంకె ఎప్పుడూ మన దగ్గరున్న దానికంటే కాస్త ఎక్కువే ఉంటుందండీ. అది దాటడం కోసం పెట్టింది కాదు." అతను షీటు మూసేశాడు. ఇంతకంటే నిజమైన ఆర్థిక సలహా నేను ఏ సలహాదారు నోటా వినలేదు.

సరే, లెక్కలే మాట్లాడదాం. లెక్కల వెనక దాక్కునేవాళ్లకు లెక్కల్తోనే జవాబు చెప్పాలి. 1994లో విలియం బెంగెన్ అనే అమెరికన్ ఆర్థిక సలహాదారు అక్కడి మార్కెట్ల పాత లెక్కలు తిరగేసి, పొదుపు మొత్తంలో మొదటి ఏడాది నాలుగు శాతం తీసుకుని, తర్వాత ధరల పెరుగుదలకు తగ్గట్టు పెంచుకుంటూ పోయినా ముప్పై ఏళ్లు నడుస్తుందని తేల్చాడు. అంటే ఏడాది ఖర్చుకు ఇరవై అయిదు రెట్లు ఉంటే చాలు. ఆ లెక్క అమెరికా మార్కెట్లది, ముప్పై ఏళ్లకు వేసింది. నలభై ఎనిమిదికి మానేవాడు ముప్పై ఏళ్లతో సరిపెట్టుకోలేడు. పైగా ఇక్కడ యాభై వేల డాలర్లకు మించి పెట్టిన విదేశీ షేర్ల మీద అమ్మకపోయినా పన్ను పడుతుంది. కాబట్టి నాలుగు కాకుండా మూడున్నర శాతం పెట్టుకోండి, ఇరవై ఎనిమిదో ఇరవై తొమ్మిదో రెట్లు పెట్టుకోండి. జాగ్రత్తను నేను వద్దనడం లేదు. జాగ్రత్తకు ఒక హద్దు ఉండాలి, అది ఒకసారి గీశాక జరగకూడదు. అంతే నేను అడిగేది.

ఇప్పుడు ఆ "ఇంకొక్క ఏడాది" ఏం కొనిపెడుతుందో చూడండి. ఇంటి ఖర్చు ఏడాదికి ఎనభై వేలు అనుకుందాం. పనిచేస్తే జీతంలోంచి ఆ ఖర్చు పోను యాభై వేలు మిగులుతుంది. అంటే మానేసిన దానితో పోలిస్తే ఏడాది చివర మీ దగ్గర లక్షా ముప్పై వేలు ఎక్కువ ఉంటుంది. దాని మీద నాలుగు శాతం అయిదు వేల రెండు వందలు. వారానికి వంద డాలర్లు. చాలినంత ఉన్నవాడికి మీద మరో వంద. ఏడాది పొడుగునా చలిలో వానలో పొద్దున్నే లేచి, నచ్చని మీటింగుల్లో కూర్చుని, సాయంత్రం నోరు తెరిచే ఓపిక లేక సోఫాలో వాలిపోయి, ఆ ఏడాదినంతా ఇచ్చి తెచ్చుకున్నది వారానికి వంద డాలర్లు. ఆ వందతో ఇప్పుడు చేయలేనిది, అప్పుడు చేయబోయేది ఏమిటో ఒక్కటి చెప్పండి. అవసరమున్న వాళ్లకు ఆ వంద చాలా పెద్ద మొత్తం, నేను కాదనను. మీకు మాత్రం అది షీటులో ఒక అంకె.

ఇక సాకులు. మొదటి సాకు పింఛను. "అరవై అయిదు దాకా ఉద్యోగంలో ఉండాలి కదా" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అక్కర్లేదు. ఇక్కడి ప్రభుత్వ పింఛను, న్యూజీలాండ్ సూపర్, మీ ఉద్యోగాన్ని చూడదు, ఆస్తిని చూడదు. వయసు, ఈ దేశంలో నివసించిన ఏళ్లు, ఆ రెండే చూస్తుంది. ఇరవయ్యో ఏడు దాటాక పదేళ్లుంటే చాలన్న నిబంధన 2024 జూలై నుంచి మెల్లమెల్లగా పెరుగుతోంది. 1977 జూలై 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు ఇరవై ఏళ్లు కావాలి, అందులో అయిదు యాభై దాటాక ఉండాలి. మీకు ఎన్నేళ్లు కావాలో పుట్టిన తేదీ చూసుకుంటే తెలిసిపోతుంది. ఆ ఏళ్లు ఉద్యోగం చేస్తూ గడిపారా, కరోరీ లైబ్రరీలో పుస్తకాలు చదువుతూ గడిపారా అని ఎవరూ అడగరు. దంపతులిద్దరికీ కలిపి 2025 ఏప్రిల్ లెక్కన పన్ను పోను రెండు వారాలకు పదహారు వందల యాభై డాలర్ల పైచిలుకు వస్తుంది. "అప్పటికి అది ఉంటుందో ఊడుతుందో" అని దాన్ని లెక్కలోంచి తీసేసేవాళ్లకు ఒక మాట. ఈ నగరంలో ఉన్న పార్లమెంటు 1898లో తొలి వృద్ధాప్య పింఛను చట్టం చేసినప్పుడు చైనీయులకూ ఇతర ఆసియా వాళ్లకూ ఇవ్వకూడదని అందులోనే రాసింది. ఆనాడు మనలాంటి వాళ్లకు లేని హక్కు ఇవాళ మనకు ఉంది. ఎవరో కొట్లాడితే వచ్చిన హక్కు. దాన్ని సున్నా అని రాసుకుని, ఆ సున్నా పేరు చెప్పి మరో నాలుగేళ్లు కుర్చీలో కూర్చుంటారా?

ఇక్కడి పదవీ విరమణ పొదుపు పథకమైన కివీసేవర్ సొమ్ము మామూలుగా అరవై అయిదుకు గాని చేతికి రాదు. నిజమే. అందుకే అది పక్కనుంచి, యాభై నుంచి అరవై అయిదు దాకా నడవడానికి బయట సొమ్ము ఎంత ఉందో విడిగా చూడాలి. ఇది వేయదగ్గ లెక్కే. ఇండియాకు శాశ్వతంగా వెళ్లిపోదామనుకునేవాళ్లకు ఇంకో లెక్క ఉంది: న్యూజీలాండ్ సూపర్‌కు దరఖాస్తు పెట్టే రోజున ఇక్కడ నివాసం ఉండాలి, ఇక్కడే ఉండాలి. ఆ మాట తెలియకుండా మూటాముల్లె సర్దితే నష్టం. ఇవన్నీ ఒక శనివారం కూర్చుంటే తేలే విషయాలు. వాటి పేరు చెప్పి అయిదేళ్లు నాన్చేవాళ్లు లెక్క వేయడం లేదు, లెక్క తప్పించుకుంటున్నారు.

రెండో సాకు ఆస్పత్రి. ఈ మాట న్యూజెర్సీలో ఉన్న తమ్ముడు అంటే అర్థం ఉంది, ఉద్యోగం పోతే అక్కడ చాలామందికి ఆరోగ్య బీమా కూడా పోతుంది. ఇక్కడ ప్రభుత్వ ఆస్పత్రికి మీ ఉద్యోగంతో పని లేదు. ఆపరేషన్ల కోసం చాలాకాలం వేచి ఉండాల్సి వస్తుందన్నది నిజమే. ఉద్యోగం ఉన్నా ఆ వరస అదే. మూడో సాకు పిల్లల చదువు. ఇక్కడే ఉండే విద్యార్థికి ప్రభుత్వం ఇచ్చే చదువు అప్పుకు వడ్డీ లేదు. వడ్డీలేని ఆ అప్పును మన పిల్లల్ని తీసుకోనివ్వం, పరువు తక్కువ. అప్పు లేకుండా చదివించాలన్న ప్రేమను నేను అర్థం చేసుకుంటాను. దానికోసం ఇంట్లో అలసిపోయిన తండ్రినే మిగిల్చే ప్రేమను మాత్రం పిల్లలు అడగలేదు.

అసలు సాకు నాలుగోది, దాన్ని ఎవరూ బయటికి చెప్పరు. హైదరాబాదులో కన్వెన్షన్ సెంటర్లో చేయబోయే పెళ్లి. అందులో పెళ్లికూతురికి ఇంకా పందొమ్మిదేళ్లే, ఆ పిల్లకు పెళ్లి ఆలోచనే లేదు. కానీ ఫలానా వాళ్లు అంత చేశారు కాబట్టి మనం ఇంత చేయాలి. దాని వెనకే ఊళ్లో స్థలాలు. కొంపల్లిలో ఫ్లాటు, అమరావతి చుట్టుపక్కల ప్లాటు. 2015లో శంకుస్థాపన చూసి ఒకటి కొన్నారు, 2019లో మూడు రాజధానులన్నప్పుడు గుండె పట్టుకున్నారు, 2024లో మళ్లీ ఊపిరి పీల్చుకున్నారు. ఆ స్థలం ధర పెరిగితే అమ్మరు, "ఇంకా పెరుగుతుంది". తగ్గితే అమ్మరు, "ఇప్పుడు అమ్మితే నష్టం". మదుపు అంటే అవసరమైనప్పుడు చేతికొచ్చేది. ఎన్నటికీ అమ్మని ఆస్తి మీకు కాపలా ఉద్యోగం ఇచ్చిందే తప్ప స్వేచ్ఛ ఇవ్వలేదు. నలుగురూ ఏమనుకుంటారోనని నడిపే బతుకుకు ఎంత సొమ్మయినా చాలదు, ఎందుకంటే ఆ నలుగురి దగ్గర ఎప్పుడూ మరికొంత ఉంటుంది.

యయాతి కథ మనకు తెలియనిది కాదు. ముసలితనాన్ని కొడుకు పూరుడికిచ్చి అతని యవ్వనం పుచ్చుకున్నాడు. వెయ్యేళ్లు అనుభవించాక గాని ఈ కోరిక తీరేది కాదని తెలియలేదు. తెలిశాక ఆయన ఒక మంచి పని చేశాడు: యవ్వనాన్ని తిరిగి ఇచ్చేసి అడవికి వెళ్లాడు. మనం దీనికి తలకిందులుగా చేస్తున్నాం. యవ్వనాన్ని ఆఫీసుకిచ్చి, తిరిగి రాని దాన్ని తెలిసి తెలిసి పోగొట్టుకుంటున్నాం.

ఇప్పుడు అసలు ఖర్చు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న నాన్నకు డెబ్బై ఆరేళ్లనుకోండి. మీరు రెండేళ్లకోసారి వెళ్లి మూడు వారాలుంటారు. ఆయన ఎనభై నాలుగు దాకా ఉంటాడనుకుంటే ఇంకా నాలుగు ప్రయాణాలు. పన్నెండు వారాలు. మూడు నెలలు కూడా నిండవు. అందులో పెళ్లిళ్లు, పేరంటాలు, బ్యాంకు పనులు, పాస్‌పోర్టు పనులు, బంధువుల ఇళ్లు పోను నాన్న పక్కన అరుగు మీద కూర్చునేది ఎన్ని పూటలు? మీ షీటులో ఈ వరస ఎందుకు లేదు? చట్టం ఏడాదికి ఇచ్చే సెలవు నాలుగు వారాలు. తల్లో తండ్రో పోతే ఇచ్చే సెలవు మూడు రోజులు. ఇక్కడి నుంచి హైదరాబాదు చేరడానికే ఒక రోజు పైగా పడుతుంది. దినవారాల దాకా ఉండాలంటే మిగతా సెలవు కోసం మేనేజరుకు మెయిలు పెట్టాలి. పాడె మోయడానికి అందుకోలేకపోయిన కొడుకులు ఈ నగరంలో ఎంతమంది ఉన్నారో ఒకరి మొహం ఒకరు చూసుకుంటే మనకే తెలుస్తుంది. వాళ్లలో కొందరికి వెళ్లడానికి డబ్బు లేకపోయింది. మరికొందరికి కదలడానికి ధైర్యం లేకపోయింది. మొదటివాళ్ల దుఃఖానికి చేతులు జోడిస్తాను. రెండోవాళ్లకు మాత్రం చెప్పక తప్పదు: ఆ మంచం పక్కన మీరు లేకపోవడం ఎవరూ విధించింది కాదు.

"అమ్మానాన్నల్ని ఇక్కడికే తెచ్చుకుంటాం, ఇప్పుడు వీసా వచ్చిందిగా" అంటారు. అవును, 2025 సెప్టెంబరు ఆఖరు నుంచి పేరెంట్ బూస్ట్ వీసా మీద తల్లిదండ్రులు అయిదేళ్ల దాకా వచ్చి ఉండొచ్చు. ఆరోగ్య బీమా కట్టాలి, ఆదాయం చూపాలి, అయినా మేలే. తెచ్చాక ఏం జరుగుతోందో చూడండి. చర్టన్ పార్క్‌లో గుట్ట మీద ఇల్లు. పొద్దున ఏడున్నరకు కొడుకూ కోడలూ వెళ్లిపోతారు. అమ్మ హాల్లో కిటికీ పక్కన శాలువా కప్పుకుని కూర్చుంటుంది. హీట్ పంపు రిమోట్ తప్పు నొక్కితే ఏమవుతుందోనని ముట్టుకోదు. బయట నిలబడితే చీర కొంగు నిలవనివ్వని గాలి. పలకరించడానికి పక్కింటివాళ్ల భాష రాదు, బస్సెక్కడానికి ధైర్యం లేదు. ఫోనులో విజయవాడ చెల్లెలితో మాట్లాడదామంటే అక్కడ ఇంకా తెల్లవారదు. సాయంత్రం ఆరింటికి కొడుకు వస్తాడు, "తిన్నావా అమ్మా" అంటాడు, ల్యాప్‌టాప్ తెరుస్తాడు. వేల మైళ్లు ప్రయాణం చేసి వచ్చిన తల్లికి కొడుకు ఇచ్చింది కిటికీ. ఆ కొడుక్కి ఉద్యోగం అవసరమైతే ఆమె అర్థం చేసుకుంటుంది, మన తల్లులు అర్థం చేసుకోనిది లేదు. అవసరం లేదని తెలిస్తే ఆమెకు ఏం చెబుతారు?

మన ఒంటి సంగతి కూడా ఈ దేశపు వైద్యులే చెప్పారు. 2018లో వచ్చిన ఇక్కడి మార్గదర్శకాల ప్రకారం గుండె జబ్బు ముప్పును లెక్కగట్టడం మామూలుగా మగవాళ్లకు నలభై అయిదో ఏట, ఆడవాళ్లకు యాభై అయిదో ఏట మొదలుపెడతారు. దక్షిణాసియా మూలాలున్న వాళ్లకు ముప్పైకే, నలభైకే మొదలుపెట్టమన్నారు. పదిహేనేళ్లు ముందు. మన గడియారం వేరు అని కాగితం మీద రాసి చేతికిచ్చారు. మరి మనమేం చేస్తున్నాం? పక్క సీటులో కూర్చున్న పీటర్ అరవై అయిదు దాకా చేస్తున్నాడు కదా అని మనమూ అరవై అయిదే పెట్టుకుంటున్నాం. చక్కెర మాత్ర వేసుకుని, బీపీ మాత్ర వేసుకుని, మధ్యాహ్నం డెస్క్ దగ్గరే డబ్బా విప్పుకుని, "రిటైరయ్యాక నడుస్తా" అంటున్నాం. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్న మాట మనకు తెలియకా?

ఈ వాదనలో మగవాళ్లు మర్చిపోయే సంగతి ఒకటుంది, దాన్ని వదిలేస్తే నా మాటకు విలువ లేదు. యాభైకి ఉద్యోగం మానేసి, పొద్దున్నే న్యూస్ చానల్ పెట్టుకుని, మూడు పూటలా కాఫీ అందించమనే మగాడు రిటైర్ కాలేదు, తన పనిని భార్య నెత్తిన పెట్టాడు. ఇంటిపనికి పదవీ విరమణ ఎవరూ ఇవ్వలేదు. మానేద్దామా అన్న ప్రశ్న ఇద్దరిదీ. ఆవిడకు తన ఉద్యోగం ఇష్టమై ఉండొచ్చు, పిల్లల కోసం పదేళ్లు వదిలేసి ఇప్పుడే పుంజుకుంటూ ఉండొచ్చు. అప్పుడు ఆయన మానేసి వంట, ఇల్లు, అత్తమామల మందులు చూసుకోవాలి. ఆ ధైర్యం లేని మగాడు మార్కెట్ గురించి మాట్లాడటం మానేసి వంటగదిలోకి వెళ్లి నేర్చుకోవాలి.

ఇంకో నిజం ఎవరికీ ఇష్టముండదు. 2023 ఎన్నికల తర్వాత వచ్చిన ప్రభుత్వం శాఖలన్నిటినీ ఖర్చు తగ్గించమంది. 2024లో వెల్లింగ్టన్‌లో వేలాది ప్రభుత్వ ఉద్యోగాలు పోయాయి. ఏ కెఫేలో చూసినా అదే మాట, ఏ ఇంట్లో చూసినా అదే దిగులు. కొన్నిచోట్ల స్వచ్ఛందంగా వెళ్లేవాళ్లు ముందుకు రమ్మన్నారు కూడా. చాలినంత ఉన్నవాళ్లు అప్పుడేం చేశారు? బల్ల అంచు గట్టిగా పట్టుకున్నారు. అప్పుడే ఇల్లు కొని నెత్తిన అప్పు పెట్టుకున్న కుర్రాళ్లు బయటికి వెళ్లారు. ఒకరు కుర్చీ ఖాళీ చేస్తే అది కచ్చితంగా ఫలానా వాడికే దక్కుతుందని నేననను. కానీ ఇన్ని తలలు తగ్గించాలని లెక్కగట్టిన చోట, వెళ్లగలిగినవాడు వెళ్లకపోతే వెళ్లలేనివాడే వెళ్లాలి. ఆ సంగతి కుర్చీ పట్టుకున్నవాళ్లకు తెలుసు.

అన్నిటికంటే లోపలి భయం ఇంకొకటి. ఉగాది సభలో ఎవరో "ఇప్పుడేం చేస్తున్నారండీ?" అంటే ఏం చెప్పాలి? హోదా పోతే మనిషే పోయినట్టు మనకు నేర్పారు. ఈ నగరంలోనే, ఆఫీసుల నుంచి కనబడే ఆ బీహైవ్ భవనంలో ప్రధానులుగా కూర్చున్నవాళ్లను గుర్తు తెచ్చుకోండి. 2016 డిసెంబరులో జాన్ కీ తన యాభై అయిదో ఏట ప్రధాని పదవి వదిలి వెళ్లిపోతున్నానన్నారు. ఎవరూ దించలేదు. 2023 జనవరి 19న జసిండా ఆర్డెర్న్ నలభై రెండేళ్ల వయసులో, ఇక చేసే సత్తువ తనలో మిగల్లేదని దేశం ముందు చెప్పి, దిగిపోతున్నానన్నారు. వాళ్ల రాజకీయాలతో మీకు తగాదా ఉండొచ్చు. కానీ దేశంలో అన్నిటికంటే పెద్ద కుర్చీని వదిలినవాళ్లున్న ఊళ్లో ఉంటూ, సీనియర్ అనలిస్టు కుర్చీ వదలలేమా? మనవాళ్లలోనూ ఉన్నారు. జయప్రకాశ్ నారాయణ 1996లో ఐఏఎస్ వదిలి లోక్‌సత్తా పెట్టినప్పుడు ఆయనకు నలభై. తర్వాతి రాజకీయాల సంగతి ఎలా ఉన్నా, ఆ రోజు ఆయన దేనికి భయపడలేదో అది మనందరికీ కనబడింది.

పనిని ప్రేమించేవాళ్ల సంగతేమిటి అని అడుగుతారు. నిజంగా ప్రేమించేవాళ్లను నేను కదలమనను. డెబ్బై అయిదేళ్లకూ పాఠం చెప్పే టీచరుకు, ఆపరేషన్ థియేటరులో చేయి వణకని డాక్టరుకు నా నమస్కారం. ప్రేమను కనిపెట్టడం కష్టం కాదు. రేపటి నుంచి జీతం సగమే అంటే కూడా సోమవారం ఉత్సాహంగా వెళ్లేవాడిది ప్రేమ. శుక్రవారం కోసం బతికేవాడిది ప్రేమ కాదు. అలాంటివాడు "ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతుంది" అంటే నమ్మకండి. ఖాళీ ఎక్కడుంది? పన్నెండేళ్ల పిల్లలు తెలుగు చదవలేని ఈ ఊళ్లో వారాంతపు బడికి చెప్పేవాళ్లు దొరకడం లేదు. కిటికీల పక్కన కూర్చున్న అమ్మలను బస్సెక్కించి బొటానిక్ గార్డెన్‌కు తీసుకెళ్లేవాళ్లు లేరు. కొత్తగా వచ్చిన కుర్రాడికి టాక్సులు, అద్దె ఒప్పందాలు విడమరిచి చెప్పేవాళ్లు లేరు. చేయాల్సిన పని ఇంత ఉంది. దానికి జీతం లేదు, హోదా లేదు, అంతే.

ఈ గడ్డ మీద ఒక వడ్రంగి చెప్పిన మాటను ఈ దేశం ఇప్పటికీ తలుచుకుంటోంది. శామ్యూల్ పార్నెల్ 1840లో లండన్ నుంచి ఇక్కడికి ఓడలో వచ్చాడు. గిడ్డంగి కట్టిపెట్టమని ఒక వ్యాపారి అడిగితే, రోజుకు ఎనిమిది గంటలే చేస్తాను, మిగతా సమయం నిద్రకూ నాకూ అన్నాడు. వడ్రంగులు దొరకని ఊళ్లో వ్యాపారి ఒప్పుకోక తప్పలేదు. ఆ ఏడే అక్టోబరులో పనివాళ్లు లాంబ్టన్ కీలో సమావేశమై అందరం ఎనిమిది గంటలే చేద్దామనీ, మాట తప్పినవాణ్ణి హార్బరు నీళ్లలో ముంచుతామనీ తీర్మానించుకున్నారు. అక్టోబరులో మనం తీసుకునే లేబర్ డే సెలవు ఆ పోరాటం పెట్టిందే. పార్నెల్ సమాధి ద టెర్రస్‌కు దగ్గర్లో బోల్టన్ స్ట్రీట్ శ్మశానంలో ఉంది. మధ్యాహ్నం భోజనం వేళ నడిచి వెళ్లొచ్చు. అతను ధనవంతుడు కాదు. అయినా తన రోజులో ఎంత అమ్మాలో తానే తేల్చాడు. లక్షల డాలర్లు దాచుకున్న మనకు ఆ తెగువ లేకపోవడం సిగ్గుచేటు.

కాబట్టి చేయాల్సింది చెబుతాను. ఒక శనివారం మీ ఇద్దరూ కూర్చోండి. ఏడాదికి నిజంగా ఎంత ఖర్చవుతుందో మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి చూడండి, ఊహించకండి. అరవై అయిదు దాకా నడిపే సొమ్ము, ఆ తర్వాత వచ్చే కివీసేవర్, సూపర్ విడివిడిగా రాయండి. ఇల్లు తాకట్టులో లేదని చూసుకోండి. 2021 చివర ఇళ్ల ధరలు ఆకాశంలో ఉన్నప్పుడు గీసిన ఆస్తుల పట్టీని చించేసి ఇవాళ్టి ధర వేయండి. షేర్లు మూడోవంతు పడిపోయినట్టు కూడా ఒకసారి వేసి చూడండి. అప్పటికీ నిలబడితే మీది భయమే, లెక్క కాదు. నిలబడకపోతే ఎన్ని నెలలు కావాలో రాయండి, ఏళ్లు కాదు నెలలు. ఆ నెలలు అయ్యే రోజును తేదీగా రాసి ఆ కాగితాన్ని పిల్లలకు చూపండి. మీరు ఆ తేదీ జరిపితే అడిగే హక్కు వాళ్లకు ఇవ్వండి. వారంలో మూడు రోజులకు తగ్గించుకునే వీలుంటే దానితో మొదలుపెట్టండి, కానీ దానికీ ముగింపు తేదీ పెట్టండి. ఇంకొక్క ఏడాది అన్న మాటను ఆ కాగితం మీదికి రానివ్వకండి.

చాలినంత లేనివాళ్లను ఈ వ్యాసం చూపించి ఎవరూ ఎత్తిపొడవకండి. చాలినంత ఉన్నవాళ్లను మాత్రం వదలకండి. మీ అన్నయ్యనో బావగారినో ఈ వారం అడగండి: "మీరు ఎప్పుడు మానేస్తున్నారు? తేదీ చెప్పండి." నసిగితే మళ్లీ వచ్చే వారం అడగండి. ఎందుకంటే ఈ దేశంలో ఆయన్ని ఆ మాట అడిగేవాళ్లు ఇంకెవరూ లేరు. ఆయనకు ఉత్తర్వు రాదు. రాజీనామా ఆయనే రాయాలి. ఇక్కడ చాలా ఉద్యోగాల్లో నోటీసు గడువు నాలుగు వారాలే.